ధర్మవరం పెద్దమ్మ గొంతు

పెద్దమ్మ పోయిన సంగతి పెద్దమ్మ ఫోన్ నుంచే వచ్చింది.

ఆదివారం పొద్దున దోసెల పిండి కలుపుతున్నాను. గ్రూపులో ఆమె పేరు మీద ఒక వాయిస్ మెసేజి కనపడింది. చాలా చిన్నది. పెద్దమ్మ అంత చిన్న మెసేజి ఎప్పుడూ పెట్టదు. గొంతు సవరించుకోవడానికే ఆమెకు అంతసేపు పడుతుంది. పిండి చేతితోనే నొక్కాను. మగ గొంతు వినపడింది.

"అందరికీ నమస్కారమండి. నేను ఆమె కొడుకును. మాయమ్మ నిద్దట్లోనే పోయింది. మద్యాన్నం తీసకపోతాము. మీకు చెప్పాల గదా అని పెడ్తాండా."

మొదట నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. హాల్లో మా అత్త చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆమెకు బీపీ ఉంది. రోజూ పొద్దున తొమ్మిది దాటాక ధర్మవరానికి ఫోన్ చేయడం ఆమె అలవాటు. గోడ గడియారం చూశాను. తొమ్మిది కావస్తోంది.

"ఎవురే ఫోన్ల మాట్లాడేది?" అంది అత్త.

"ఏం లేదత్తా, స్కూలు వాళ్ళు" అన్నాను. చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. మాది హిందూపురం. నేను ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఆమెది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. మమ్మల్ని కలిపింది కుక్కలూ పిల్లులూ పెంచుకునేవాళ్ళ ఫోన్ గ్రూపు. అందులో పెనుకొండ వాళ్ళు, ముదిగుబ్బ వాళ్ళు, అటు నంబులపూలకుంట దాకా ఎవరెవరో ఉన్నారు. ఒకరి పేరు ఒకరికి సరిగా తెలియదు. రాజు వాళ్ళ నాన్న, చింటూ వాళ్ళమ్మ, అంతే. రాజు ముసలి కుక్క. చింటూ ఒంటికన్ను పిల్లి. నేను గుండు వాళ్ళమ్మను. గుండు అంటే మా స్కూలు గేటు దగ్గర దొరికిన ఎర్ర కుక్క. ఆమెను మాత్రం అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. గ్రూపులో పెద్ద వయసు ఆమెదే.

ఆమెకు టైపు చేయడం రాదు. అన్నీ గొంతుతోనే చెప్పేది. వెనక మగ్గం చప్పుడు, ఎవరో బిందె దించిన చప్పుడు, మధ్యమధ్య "పో మంగా, పో అవతలికి" అని పిల్లిని అదిలించడం. ఆ మంగ ఒకసారి కొడుకు కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం గుంతలో పిల్లల్ని పెట్టింది. కాళ్ళ సందున కూనల్ని పెట్టుకుని అతను ఆ చీర ఎలా నేశాడో పెద్దమ్మ ఒక వారం పాటు మాకు వర్ణించి చెప్పింది.

ప్రతిదాని మీదా ఆమెకు ఒక అభిప్రాయం ఉండేది. ఎవరూ అడగకపోయినా చెప్పేది. "పిల్లి మనల్ని ప్రేమిస్తాదని నేను చెప్పనప్పా. దానికి మా ఇల్లు నచ్చింది, అంతే. మనుషుల్లో గూడా సగం మంది అంతే గదా" అనేది. టీవీ సీరియళ్ళ మీద ఆమెకు ప్రత్యేకమైన కోపం. "కోడలు ఉల్లిగడ్డలు తరిగేటప్పుడు గూడా పట్టుచీరేనంట! మా ఇంట్లో తరతరాలుగా నేస్తాండాము, నేను నా పెండ్లికి కట్టిందే కట్టింది. ఎవురన్నా ఆ పిల్లకి ఒక నూలుచీర ఇప్పీయండి, ఉడికిపోతాంటాది." అయినా ఒక్కరోజు కూడా చూడకుండా ఉండేది కాదు. ఇంట్లో అందరూ కలిసి కూర్చుని భోంచేయాలని ఎవరో గ్రూపులో మంచి మాటలు పెడితే దానికీ జవాబు వచ్చింది. "ఏంటికి కలిసి తినాల? ఒగరికి కోపమొచ్చుంటాది, ఒగరికి ఆకలుండదు. ఎవురికి ఆకలైతే వాళ్ళు తినండి. గిన్నెల మీద మూతలు మాత్రం పెట్టండి, మంగ ఉండాది."

నేను స్వతహాగా భయస్తురాలిని. గుండు రెండుసార్లు దగ్గితే గ్రూపులో పెట్టేదాన్ని. ఒకసారి వాడు ఏదో బొమ్మ చక్రం మింగాడని నేను పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నాను. పెద్దమ్మ మెసేజి వచ్చింది. "బయపడొద్దని నేను చెప్పనమ్మా, చెప్పినా నువ్వు ఇనవు. బయపడుకుంటానే అన్నం తిను. తిన్నాక మల్లా బయపడుదువు." నవ్వు వచ్చింది. తిన్నాను. చక్రం మరునాడు బయటికి వచ్చింది.

అసలు భయం అంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది.

ఒక రోజు నేను స్కూల్లో ఉండగా గుండు మా అత్తను కరిచాడు. వాడు తింటున్న గిన్నెను ఆమె జరపబోయింది. అరచేతి పక్కన పన్ను దిగింది. గుండుకు వేయాల్సిన టీకాల్లో ఇంకా ఒకటి మిగిలే ఉంది. ఆసుపత్రిలో అత్తకు సూదులు మొదలుపెట్టారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "కుక్కను వదిలేయొద్దు, కొట్టి చంపొద్దు. కట్టేసి పది రోజులు కనిపెట్టుకోండి. అది బాగుంటే మీకు దిగుల్లేదు. సూదులు మాత్రం ఆపొద్దు."

ఇంటికి రాగానే అత్త గుమ్మం బయటే నిలబడింది. "ఈ ఇంట్లో అదన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల" అంది. ఆమె పుట్టిల్లు రొళ్ల దగ్గర. కట్టు కట్టిన చేత్తోనే సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. మా ఆయన ఆమె కొడుకు. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"బండిలో ఏసుకోనిపోయి దూరంగా కొండల్లో ఇడిసిపెట్టొస్తా" అన్నాడు.

"డాక్టరు వదలొద్దన్నాడు. వాడు కళ్ళ ముందు లేకపోతే అత్తకు ప్రమాదమో కాదో ఎట్ల తెలిసేది?"

"అయితే యాడ పెడతావు? చెప్పు, యాడ పెడతావు?"

ఫోన్ తీశాను. గ్రూపులో పెట్టాను. ఎప్పుడూ బొమ్మలూ పువ్వులూ పెట్టే మనుషులు ఒక్కసారిగా మారిపోయారు. కరిచిన కుక్కను ఉంచుకోకూడదని ఒకరు, ముసలామెను కుక్కకు వదిలేసి ఉద్యోగానికి పోతారా అని ఒకరు, మీలాంటివాళ్ళకు కుక్క ఎందుకని ఇంకొకరు. అప్పుడు పెద్దమ్మ మాట్లాడింది. "ఆ పాప ఎదురుగా కూచోనుంటే ఈ మాటలు అంటారా మీరు? అనరు గదా. అయితే ఈడ గూడా అనొద్దండి." అంతే. తర్వాత నాకు ఫోన్ చేసింది. అదే మొదటిసారి.

"కుక్కను నా కాడికి తోలీ" అంది.

"వద్దు పెద్దమ్మా. మిమ్మల్ని కరిస్తే?"

"కరిస్తే కరుస్తాది. నేను గిన్నె జరపను లే. రేపు మా వీదిలో ఆయప్ప లగేజి ఆటో పెనుకొండకి సామాన్లు ఏసుకోని పోతాండాది. నేను గూడా వస్తా. నువ్వు ఆడికి తీసకరా."

మరునాడు స్నేహితుడి వ్యాను అడిగి మా ఆయన నన్నూ గుండునూ పెనుకొండ తీసుకుపోయాడు. దారి పొడవునా నేను వాడి నోటి వంకే చూస్తూ కూర్చున్నాను. చొంగ ఎక్కువగా కారుతోందా? కళ్ళు ఎర్రగా ఉన్నాయా? బస్టాండు దాటాక వేపచెట్టు నీడలో లగేజి ఆటో ఆగి ఉంది. పక్కన పొట్టిగా, నల్లగా, ముక్కుకు రెండు వైపులా పుడకలతో ఒకామె. గొంతు విన్నాక గానీ నమ్మలేదు. ఆ గొంతుకు ఇంత చిన్న మనిషి ఉంటుందని నేను అనుకోలేదు.

గుండు దగ్గరికి ఆమె రాలేదు. కాస్త దూరంలో నేల మీద కూర్చుని, కొంగులోంచి ఉడికించిన శెనక్కాయలు తీసి ఒలుచుకుని తినడం మొదలుపెట్టింది. వాడి వైపు చూడనైనా చూడలేదు. మాతో మా ఊరి నీళ్ళ సంగతి మాట్లాడింది. కాసేపటికి వాడే తాడు లాక్కుంటూ పోయి ఆమె మోకాలు వాసన చూశాడు. "తింటావేమప్పా?" అని ఒక గింజ నేల మీద పెట్టింది. నేను తాడు బిగించి పట్టుకున్నాను. వాడు గింజ తిన్నాడు. ఇంకొకదానికోసం కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా ఆమె మెసేజి కోసం బతికాను. పిచ్చికుక్క నీళ్ళు ముట్టదని చిన్నప్పటి నుంచి విన్నాం కదా, అందుకని ఆమె మెసేజి ఎప్పుడూ అదే మాటతో మొదలయ్యేది. "నీళ్ళు తాగినాడమ్మా." తర్వాత మిగతావి. మంగ వాణ్ణి రెండు పీకిందని, వాడు మగ్గం చప్పుడుకు నిద్రపోతున్నాడని. నేను ఆ మొదటి మాట విని, అత్త దగ్గరికి పోయి "నీళ్ళు తాగినాడంట అత్తా" అని చెప్పేదాన్ని. రొళ్ల ప్రయాణం సూదులు అయ్యేదాకా వాయిదా వేసుకున్న అత్త మొహం తిప్పుకునేది. కానీ నేను చెప్పడం ఆలస్యమైతే వంటింటి గుమ్మంలోకి వచ్చి ఊరికే నిలబడేది.

గడువు ఇక పూర్తవుతుందనగా ఒక పొద్దున మెసేజి రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. స్కూల్లో ప్రార్థన అయింది, మొదటి పీరియడ్ అయింది. బోర్డు మీద నేనేం రాస్తున్నానో నాకే తెలియలేదు. సెలవు చెప్పి రైలెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నా బయట ఏముందో చూడలేదు. వాడు చచ్చిపోయి ఉంటాడు. నాకు చెప్పలేక ఫోన్ ఆపేసి ఉంటుంది. లేదా ఆమెనే కరిచి ఉంటాడు. అప్పుడు అత్త చేతికి పడిన పన్ను? ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆమె నంబరు నొక్కేదాన్ని.

వీధి పేరు అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. కోడలు బయటికి వచ్చింది. "అయ్యో, వచ్చేస్తివా అక్కా. కుక్క తాడు తెంచుకోని పోయింది. మాయత్త తెల్లారినప్పట్నించి యెతుకుతానే ఉండాది. ఫోన్ చార్జింగ్ లేక ఈడే పడేసి పోయింది."

రెండు వీధుల అవతల, మూసిన కొట్టు మెట్టు మీద పెద్దమ్మ కనపడింది. చెప్పు తెగి చేతిలో ఉంది. నన్ను చూసి లేవలేదు. "నీకేమని చెప్పల్లనో తెలీక ఈడ కూచుంటిని" అంది. అందరికీ ధైర్యం చెప్పే ఆ మనిషి భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర రెండు టీలు, ఒక బన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. "బయపడుకుంటానే తాగు పెద్దమ్మా" అన్నాను. ఆమె నన్ను చూసి, కళ్ళు తుడుచుకుని, బన్ను ముంచుకుని తిన్నది. ఇద్దరం కలిసి మళ్ళీ వెతికాం.

గుండు ఆటో స్టాండులో దొరికాడు. తనను పెనుకొండ నుంచి తెచ్చిన లగేజి ఆటో కింద పడుకుని ఉన్నాడు. ఎవరు లేపినా లేవలేదట. దాన్లో వచ్చాడు కాబట్టి దాన్లోనే ఇంటికి పోవచ్చని అనుకున్నాడేమో. డ్రైవరు మగ్గుతో నీళ్ళు పెడితే చప్పరిస్తూ తాగాడు. పెద్దమ్మా నేనూ ఆ రోడ్డు మీదే ఒకరినొకరు పట్టుకుని నవ్వాం.

గడువు గడిచింది. గుండు బాగున్నాడు, అత్తకు గండం తప్పింది. అయినా అత్త వాణ్ణి ఇంటికి రానీయనంది. పెద్దమ్మ నన్ను బతిమాలమని చెప్పలేదు. "మీయత్తకు ఫోన్ ఇయ్యి, చేతికి నొప్పి ఎట్లుండాదో అడగల్ల" అంది, అంతే. ఇచ్చాను. చేతి నొప్పి నుంచి మాట సీరియల్ మీదికి పోయింది.

రొళ్ల వైపు కన్నడం ఎక్కువ, అందుకని మా అత్త కన్నడ సీరియళ్ళు చూస్తుంది. పెద్దమ్మ తెలుగులో చూసే సీరియలే కన్నడంలో ముందు వచ్చింది, చాలా దూరం నడిచింది. అంటే ధర్మవరంలో రాబోయే నెలల్లో జరగబోయేదంతా హిందూపురంలో మా అత్తకు ముందే తెలుసు. ఈ సంగతి బయటపడిన క్షణం నుంచి వాళ్ళిద్దరినీ ఆపడం ఎవరివల్లా కాలేదు.

"ఏమమ్మా, ఆ పిల్ల మెట్ల మీద నుంచి పడింది గదా, బతుకుతాదా?" అని పెద్దమ్మ అడిగేది.

"చెప్పను పో అక్కా. చెప్తే నువ్వు సూడవు" అని మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. తర్వాత ఎలాగూ చెప్పేసేది. నా పెళ్ళయినప్పటి నుంచి మా అత్త అలా నవ్వడం నేను వినలేదు. ఒకరోజు ఫోన్ పెట్టేసి, "ఆయమ్మకు మోకాళ్ళ నొప్పులంట. మన కుక్కను ఎన్ని దినాలని సూస్తాది? తెచ్చుకోండి" అంది. మన కుక్క అంది. నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం.

ఇదంతా పోయినేడు సంగతి. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కలవలేదు. పోదాం పోదాం అనుకుంటూనే ఉన్నారు.

ఆదివారం నేను గడియారం చూస్తూనే ఉన్నాను. అత్త చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఇక ఆపలేక ఆమె పక్కన కూర్చుని ఫోన్ మీద చేయి పెట్టాను. "అత్తా, ముందు మాత్ర ఏసుకుందురు రండి" అన్నాను. ఆమె నన్ను చూసింది. నా మొహంలో ఏం కనపడిందో, "పోయిందా?" అంది. తల ఊపాను. ఆమె ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అన్న మాట ఇదీ: "నిన్న అడిగె. సీరియల్లో ఆ పిల్ల మొగుడు తిరిగొస్తాడా అని. చెప్పను, రేపు చెప్తా అంటిని. చెప్పేసుంటే సరిపోయేది."

ధర్మవరం పోయేటప్పటికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. బంధువులు ఒక పక్క, ఎక్కడ నిలబడాలో తెలియని మనుషులు ఒక పక్క. వాళ్ళు మా గ్రూపు వాళ్ళని నాకు చూడగానే అర్థమైంది. అందరి చేతుల్లో ఫోన్లు, ఎవరి మొహమూ ఎవరికీ తెలియదు. ఒకాయన దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "మీరు గుండు వాళ్ళమ్మనా? నేను రాజు వాళ్ళ నాన్నను, ముదిగుబ్బ." నన్ను కుక్క ఎందుకని అడిగినవాళ్ళలో ఆయన కూడా ఒకడు. ఇద్దరం దండం పెట్టుకున్నాం. అందరికీ ఒకటే దిగులు, పిల్లి ఏమైందని. మంగ మగ్గం గుంతలోకి దిగి పైకి రావడం లేదట. కోడలిని అడిగాను. ఆమెకు మొదటి నుంచీ పిల్లులంటే సరిపడదు. "పాలు పెట్టినా, తాగలేదు. సూద్దాం అక్కా, ఎట్లయితాదో" అంది. అంతకంటే ఆమె మాత్రం ఏం చెప్పగలదు? ఆ దిగులు నాకు ఇంకా తీరలేదు.

మా అత్త ఎవరినీ అడగకుండా లోపలికి నడిచింది. పెద్దమ్మను చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. కొత్త పట్టుచీర కప్పారు, కొడుకు నేసినదే. అత్త ఆమె మొహాన్ని చాలాసేపు చూసింది. గొంతు మాత్రమే తెలిసిన మనిషి మొహం. తర్వాత కష్టం మీద మోకాళ్ళు వంచి కూర్చుని, ఆమె చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి చూశారు. నాకు మాటలు వినపడలేదు.

తిరుగు రైల్లో అత్త కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. పెనుకొండ దాటాక నాతో అంది. "చెప్పేసి వస్తిని. వస్తాడు అని."

ఇంటికి చేరేసరికి ఎండ తగ్గింది. చావింటి నుంచి వచ్చాం కాబట్టి అత్త లోపలికి రాకుండా, బయట తొట్టి దగ్గర కట్టుచీరతోనే బండ మీద కూర్చుంది. చప్పుడు విని గుండు తోక ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది. "దూర నిల్లో" అని, దూరంగా నిలబడమని కన్నడంలో కసిరింది. వాణ్ణి కసిరేటప్పుడు ఆమెకు ముందు కన్నడమే వస్తుంది. "ముట్టకూడదు నన్ను. సావుకు పోయొస్తిని." వాడు నాలుగడుగుల దూరంలో ఆగి కూర్చున్నాడు. అత్త నెత్తి మీద చెంబు తర్వాత చెంబు గుమ్మరించుకుంటోంది. నీళ్ళు ఆమె కళ్ళలోంచి, గడ్డం మీద నుంచి కారుతున్నాయి. ముందు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, చెవులు వెనక్కి వాల్చి, ఆమె స్నానం ఎప్పుడు ముగుస్తుందా అని వాడు కదలకుండా చూస్తున్నాడు.